పెద్ద లెన్స్ కొనాలా, ఉన్నదాంతో ఒకే చోట కూర్చోవాలా?

చెరువుగట్టు:
అందరికీ నమస్కారం. మియాపూర్‌లో ఉంటాను. ఆదివారాలు పొద్దున్నే పిట్టల ఫొటోలు తీయడానికి అమీన్‌పూర్ చెరువుకి వెళ్తున్నాను. నా దగ్గరున్నది మామూలు కెమెరా, 55-250 mm జూమ్ లెన్స్. పక్కవాళ్ళ పెద్ద లెన్సులు చూస్తే టెన్షన్‌గా ఉంటోంది. పోటీలకి పంపాలని లేదు. ఆఫీసు గొడవలు మర్చిపోయి కాసేపు పిట్టల్ని నిదానంగా చూడాలి, అంతే. దేనితో మొదలుపెట్టమంటారు?

ఈతచెట్టు:
లెన్స్ సంగతి తర్వాత చూసుకోవచ్చండి. వానలు మొదలయ్యాక గిజిగాడి గూళ్ళున్న ఈతచెట్టు ఒకటి వెతుక్కోండి. మా పొలంలో బావి మీదికి వంగిన చెట్టుకి ఏటా కడతాయి.

కట్టేది మగపిట్టే. ఆ కాలంలో తల పసుపు రంగు తిరుగుతుంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. ఆకు అంచుని ముక్కుతో కొరికి, ఆ కొస పట్టుకుని ఎగురుతుంది. పొడవాటి పీలిక చీలి వస్తుంది. గూడు సగమై హెల్మెట్‌లా తయారయ్యాక పని ఆపి, రెక్కలు టపటపలాడిస్తూ ఆడపిట్టల్ని పిలుస్తుంది. వాటిలో ఒకటి లోపలికెళ్ళి చూసుకుంటుంది. నచ్చితేనే మిగతాదీ, కింది గొట్టమూ పూర్తవుతాయి. అల్లిక ఎంత బాగున్నా కొమ్మ నచ్చకపోతే అంతే సంగతులు.

ఒకసారి ఫొటో పెద్దది చేసి చూస్తే ముక్కున తడి మట్టి ఉంది. గూట్లోకి మట్టెందుకని మర్నాడు అక్కడే కూర్చున్నాను. లోపలి గోడకి అద్దుతోంది! కెమెరా లేకపోతే నాకా ప్రశ్నే వచ్చేది కాదు. అందుకే వెళ్ళగానే క్లిక్ కొట్టను. ఏ గూడు ఎంతవరకు వచ్చిందో చూశాకే కెమెరా తీస్తాను. షట్టర్ స్పీడ్ కనీసం 1/1000 (సెకనులో వెయ్యో వంతు) పెట్టుకోండి, రెక్కలు అంతగా చెదరవు.

గుంటూరోడు:
గుంటూరు వైపు వస్తే ఉప్పలపాడు చూడండి. ఊరి చెరువులోనే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. మీ 250 చాలు.

చెరువుగట్టు:
థాంక్సండీ ఇద్దరికీ. గూటికి ఎంత దగ్గరికి వెళ్ళొచ్చు?

ఈతచెట్టు:
పిట్ట పని ఆపి మిమ్మల్నే చూస్తోందంటే ఎక్కువ దగ్గరికి వెళ్ళినట్టే. వెనక్కి వచ్చేయండి. అడ్డొచ్చిందని ఒక్క ఆకు కూడా తుంచొద్దు, కాకులకి దారి చూపినట్టవుతుంది. గూడు ఎంతవరకు వచ్చినప్పుడు దొరికిందో ఇక్కడ రాయండి, ఫొటో మసకగా వచ్చినా పెట్టండి.