వాసనొచ్చిన గోధుమలు ఎండబెట్టి ఆడించుకోవచ్చా?

కేఆర్‌పురం_కోడలు: మధ్యప్రదేశ్ గోధుమలు 10 కిలోలు కొన్నాం. బెంగళూరు వానలకు డబ్బాలోకి చెమ్మ దిగింది. పైగింజలు ఉండకట్టాయి, బూజు వాసన. పిండిమిల్లాయన "కడిగి రెండ్రోజులు ఎండబెట్టి తెండి" అంటాడు. అత్తయ్యగారిదీ అదే మాట. ఏం చేయమంటారు?

పెనుకొండ_రైతుబిడ్డ: నిక్షేపంగా వాడండి. మా అమ్మ ఇలాంటివి ఎన్ని ఎండబెట్టిందో! బతికే ఉన్నాం.

ల్యాబ్_లక్ష్మి: ఎండకు చెమ్మ పోతుంది, బూజు ఆగుతుంది. అప్పటికే అది వదిలిన విషం పోదు. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం రొట్టె కాల్చినా చాలావరకు మిగులుతుంది. 1987లో కశ్మీర్ లోయలో వానకు తడిసి బూజు పట్టిన గోధుమలు తిని చాలామంది కడుపునొప్పితో పడ్డారు.

పెనుకొండ_రైతుబిడ్డ: కశ్మీర్‌లో ఎండెక్కడిదండీ?

మల్లేశ్వరం_మామయ్య: చేపల వాసనా? అయితే కర్నాల్ బంట్. 1931లో కర్నాల్‌లో బయటపడ్డ తెగులు.

కేఆర్‌పురం_కోడలు: కాదండీ, తడిసిన గోనెసంచి వాసన.

వైట్‌ఫీల్డ్_వాసు: లక్ష్మిగారూ, కశ్మీర్‌ది డాన్ అనే విషం కదా? అది ఫ్యుజేరియం బూజుది. పూత మీద వాన పడితే పొలంలోనే కంకికి పడుతుంది. ఇది డబ్బా బూజు.

ల్యాబ్_లక్ష్మి: ఒప్పుకుంటాను, పోలిక కుదరలేదు. డబ్బాలో ఎక్కువగా ఆస్పర్జిల్లస్, పెనిసిలియం అనే బూజులు. వాటికీ విషాలున్నాయి. ధాన్యంలో అఫ్లాటాక్సిన్ కిలోకి 15 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశపు నిబంధన. అది కంటికి కనబడదు.

పెనుకొండ_రైతుబిడ్డ: నల్లబండ మీద రెండ్రోజులు మా ఎండ పడనివ్వండి, చూద్దాం.

ల్యాబ్_లక్ష్మి: ఎండ, ఎండ! చదువుకున్నవారేనా మీరు?

పెనుకొండ_రైతుబిడ్డ: చదువుకున్నాకే తెలిసింది. మా నాన్న వేరుశనక్కాయలు వేసుకెళ్తే వ్యాపారి నాలుగు కాయలు చిట్లగొట్టి, ఒక గింజ మీద పచ్చటి పొడి చూపించి, 'అఫ్లా' అని సగం ధర కట్టాడు. పరీక్ష లేదు, చీటీ లేదు. నాన్న ఖాళీ సంచులు మడుచుకుని బస్సెక్కాడు. మీ మైక్రోగ్రాములు మాకు చేసింది అదీ.

ల్యాబ్_లక్ష్మి: అది దగా. మరి ఆ కాయలు పారబోశాడా?

పెనుకొండ_రైతుబిడ్డ: పారబోస్తాడా! నూనె మిల్లుకు తోలాడు.

ల్యాబ్_లక్ష్మి: నా గోల కూడా అదేనండీ.

పెనుకొండ_రైతుబిడ్డ: అంటే మా నాన్న పంటలో విషముందంటారు.

ల్యాబ్_లక్ష్మి: ఎవరూ పరీక్షించలేదంటున్నాను.

మల్లేశ్వరం_మామయ్య: చేపల వాసన లేకపోతే బంట్ కాదులెండి.

కేఆర్‌పురం_కోడలు: పారేద్దామని లేచేసరికి అత్తయ్యగారు కడిగి మేడమీద ఆరబోశారు.

పెనుకొండ_రైతుబిడ్డ: ఇవాళ మబ్బు పట్టిందమ్మా. తీసేయండి.