హెమిప్లీజిక్ మైగ్రేన్ అని తేలిన తరువాత కూడా ప్రతిసారీ ఎమర్జెన్సీకి వెళ్లాలా?

మదనపల్లె ఆడపడుచు:

సభ్యులందరికీ నమస్కారం. నాకు 34 ఏళ్లు. మేము బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉంటున్నాము. మూడేళ్లుగా నాకు హెమిప్లీజిక్ మైగ్రేన్ ఉంది. అంటే పార్శ్వపు నొప్పి వచ్చే ముందు, ఒక్కోసారి నొప్పితో పాటే, శరీరంలో ఒక పక్క పట్టు తప్పిపోతుంది. మొదట కుడిచేతి చూపుడువేలిలో తిమ్మిరి పుట్టి, పావుగంటలో మోచేతి దాకా, ఆ తరువాత పెదవికీ నాలుకకూ పాకుతుంది. అరగంట గడిచేసరికి చేతిలో గ్లాసు నిలవదు, చెప్పదలచుకున్న మాట మనసులో ఉన్నా నోటికి రాదు. చూసేవారు పక్షవాతమే అనుకుంటారు. నాలుగైదు గంటల్లో బలం తిరిగి వస్తుంది కానీ తలనొప్పి రెండు రోజులు వదలదు.

మొదటి మూడుసార్లూ ఆసుపత్రికి పరుగెత్తాము. మూడుసార్లూ సీటీ, రెండుసార్లు ఎమ్మారై తీసి ఏమీ లేదన్నారు. రెండోసారి వెళ్లినప్పుడు నన్ను కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ ప్రశ్నలడిగారు. మామూలు రోజుల్లో ఆ రెండూ మాట్లాడగలిగిన నేను ఆ రోజు తెలుగులో కూడా "నీళ్లు" అనబోయి "నేల" అన్నాను. ఇదంతా మనోవ్యాకులత వల్ల కావచ్చునని అక్కడొకరు మా వారితో అన్న మాట మాత్రం నాకు స్పష్టంగా వినిపించింది. మాట పోయినంత మాత్రాన వినికిడి పోదని వారికి ఎవరు చెప్పాలి?

తరువాత న్యూరాలజిస్టు జబ్బు ఇదేనని తేల్చి, నివారణకు వెరపామిల్ రాసి, మైగ్రేన్ నొప్పికి మామూలుగా ఇచ్చే ట్రిప్టాన్ రకం మాత్రలు వాడవద్దన్నారు. నెలకొకసారి వచ్చేది ఇప్పుడు మూడు నెలలకొకసారి వస్తోంది. ప్రతిసారీ ఆసుపత్రికి వెళ్లవలసిందేనని మా అత్తగారు పట్టుబడుతున్నారు. చీకటి గదిలో పడుకుంటే చాలునని నేనంటున్నాను. మీలో ఈ జబ్బుతో బతుకుతున్నవారు ఏం చేస్తున్నారో తెలుసుకోవాలని ఉంది.

కె.ఆర్. పురం నివాసి:

నాకిది 11 ఏళ్లుగా ఉందండీ. నేను వెళ్లడం మానేసి ఆరేళ్లయింది. ఇది మొండితనం కాదు, ఆలోచించి తీసుకున్న నిర్ణయం.

మీ తిమ్మిరి వేలి నుంచి నాలుకకు పాకడానికి అంతసేపు పట్టడానికి కారణం ఉంది. మెదడు పైపొరలో ఒక నిస్తేజపు అల మెల్లగా వ్యాపిస్తుందని బ్రెజిల్ శాస్త్రవేత్త అరిస్టిడెస్ లియావ్ 1944లో రాశారు. ఆ అల నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే కదులుతుంది. అందుకే మైగ్రేన్ లక్షణాలు ఒకదాని వెనుక ఒకటిగా వస్తాయి. రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వచ్చినప్పుడు సాధారణంగా అలా జరగదు. చేయి, మూతి, మాట క్షణాల్లో ఒకేసారి దెబ్బతింటాయి. ఈ తేడా తెలిసిన మనిషి ప్రతిసారీ భయపడనక్కరలేదని నా నమ్మకం.

తల సీటీ ఒక్కదానికి సుమారు 2 మిల్లీసీవర్టుల రేడియేషన్ పడుతుంది. ఒకసారికి అది పెద్ద విషయం కాదు కానీ ఏడాదికి పదిసార్లయితే ఆలోచించాలి. 24 గంటలు అడ్మిట్ కాకపోతే చాలా బీమా పాలసీలు పైసా ఇవ్వవు. వీటన్నిటికన్నా, వెలుగు సూదుల్లా గుచ్చుకునే తలతో టిన్ ఫ్యాక్టరీ కూడలి ట్రాఫిక్కులో ఆ హారన్ల మధ్య ముప్పావుగంట ఇరుక్కోవడం ఎలా ఉంటుందో అనుభవించినవారికే తెలుస్తుంది.

వైట్‌ఫీల్డ్ పెద్దాయన:

అమ్మా, మీ అత్తగారి మాట వినండి. ఇది మా ఇంట్లో జరిగింది కనుక చెబుతున్నాను.

మా తమ్ముడికి కాలేజీ రోజుల నుంచి కళ్ల ముందు వంకరటింకర వెలుగుగీతలు కనిపించి ఆపై తలనొప్పి వచ్చేది. 46వ ఏట ఒక సాయంత్రం ఎడమచేయి ఒక్కసారిగా వాలిపోయింది. మరదలు ఆటో పిలుస్తానంటే, "మామూలేలే, పడుకుంటే పోతుంది" అన్నాడు. తెల్లవారి ఆసుపత్రికి తీసుకువెళ్లేసరికి మెదడు నాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వవలసిన నాలుగున్నర గంటల సమయం ఎప్పుడో దాటిపోయింది. కొందరికి 24 గంటల లోపు గడ్డను తీగతో బయటికి లాగవచ్చునట, కానీ వాడి స్కాను చూసి ఆ అవకాశం లేదన్నారు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఎడమచేత్తో చొక్కా గుండీ పెట్టుకోలేడు.

ఆరాతో, అంటే వెలుగుగీతలు, తిమ్మిరి వంటి ముందస్తు లక్షణాలతో కూడిన మైగ్రేన్ ఉన్నవారికి రక్తనాళం మూసుకుపోయి వచ్చే పక్షవాతం ముప్పు మిగిలినవారి కంటే సుమారు రెండింతలు ఉంటుందనీ, సిగరెట్టు తోడైతే అది ఇంకా పెరుగుతుందనీ మాకు ఆ తరువాత చెప్పారు. వాడు రోజుకు పది కాల్చేవాడు. మైగ్రేన్ ఉంది కనుక ఇది పక్షవాతం కాదన్న వాదన తలకిందులైనది. మైగ్రేన్ ఉన్నవాడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని లెక్కగట్టారు. ఆ లెక్క ముందు మీ ట్రాఫిక్కు, మీ బీమా ఏపాటివి?

కె.ఆర్. పురం నివాసి:

మీ తమ్ముడిగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది. అయినా ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆయనకు చేయి ఒక్కసారిగా వాలిందని మీరే రాశారు. నేను చెప్పిన గుర్తు ఆ రోజు కనిపిస్తూనే ఉంది, చూసినవారు లేరు. నాకు అలా జరిగితే నేనూ వెళతాను.

హొసూరు రోడ్డు నర్సు:

నేను తొమ్మిదేళ్లుగా ఎమర్జెన్సీ విభాగంలో పనిచేస్తున్నాను. కె.ఆర్. పురం వారు చెప్పిన తేడా నిజమే, మేమూ మొదట అదే అడుగుతాము. అయితే దానిని అంత గట్టిగా నమ్ముకోవడం ప్రమాదం. కొన్ని పక్షవాతాలు కూడా మెట్లు మెట్లుగా ముదురుతాయి. నిద్రలేచేసరికే చేయి పడిపోయి ఉంటే, అది పాకుతూ వచ్చిందో ఒక్కసారిగా వచ్చిందో చెప్పగలిగినవారు ఎవరూ ఉండరు. ఇక అసలు సంగతి, "నాకు అలా జరిగితే నేనూ వెళతాను" అన్నారు చూడండి, అలా జరిగిన నిమిషంలో ఆ నిర్ణయం తీసుకోవలసిన మెదడే దెబ్బతిని ఉంటుంది. తమ్ముడిగారు కూడా తెలియక కాదు, ఆ స్థితిలో ఉండి "మామూలేలే" అన్నారు.

కనుక వెళ్లాలా వద్దా అన్నది రోగి ఇష్టానికి వదలకూడదన్నది నా అభిప్రాయం. ఆరోగ్యంగా ఉన్న రోజున న్యూరాలజిస్టుతో కూర్చుని, మీకు మామూలుగా ఏ పక్క, ఎంతసేపు, ఏ వరుసలో వస్తుందో రాయించుకోండి. దానికి ఏమాత్రం భిన్నంగా ఉన్నా, ఒక్కసారిగా వచ్చినా, నిద్రలేచేసరికే ఉన్నా, జ్వరం, ఫిట్స్, మగత ఉన్నా, తలనొప్పి పిడుగు పడ్డట్టు మొదలైనా ఇంట్లోవారు మిమ్మల్ని అడగకుండానే తీసుకురావాలి. హెమిప్లీజిక్ మైగ్రేన్‌లో పక్క మారడం మామూలేనంటారు, అది నిజమే. అయినా మొదటిసారి మారినప్పుడు చూపించుకోండి.

మైగ్రేన్‌ను పక్షవాతమనుకుని ఇంజెక్షన్ ఇచ్చేస్తారేమోనని చాలామంది భయపడతారు. ముందు వేలికి గుచ్చి షుగర్ చూస్తాము, ఎందుకంటే షుగర్ పడిపోయినా ఇలాగే ఉంటుంది. సీటీలో రక్తస్రావం లేదని తేలాకే మిగతా ఆలోచన. పొరపాటున ఇచ్చినా, పక్షవాతం లేనివారిలో ప్రమాదకరమైన రక్తస్రావం నూటికి ఒక్కరి కన్నా తక్కువమందిలోనే కనిపించింది. మీరు చివరిసారి బాగా ఉన్న సమయం ఎంతో గడియారం చూసి చెప్పగలిగినవారు వెంట రావడం మాకు అన్నిటికన్నా ముఖ్యం.

బెంగళూరులోని తెలుగువారికి ఇంకొక మాట. మనం మైగ్రేన్‌ను పార్శ్వపు నొప్పి అంటాము. కన్నడంలో పార్శ్వవాయు అంటే పక్షవాతం. "ఆమెకు పార్శ్వపు నొప్పి ఉంది" అని కంగారులో చెప్పే పెద్దవారి మాట ఇక్కడి సిబ్బందికి వేరుగా వినిపించడం నేను స్వయంగా చూశాను. ఇక్కడ మైగ్రేన్‌ను అరెతలెనోవు అంటారు.

వైట్‌ఫీల్డ్ పెద్దాయన:

నర్సుగారూ, నాకు ఆ కాగితం మీద అంత నమ్మకం లేదు. కంగారులో కాగితం ఎవరు చదువుతారు? వెళ్లి ఏమీ లేదనిపించుకుని వచ్చినవాడికి పోయేది ఒక రాత్రి నిద్రే.

మదనపల్లె ఆడపడుచు:

పెద్దాయన గారూ, పోయేది ఒక్క రాత్రి నిద్రే అయితే నేను ఈ ప్రశ్న అడిగేదాన్ని కాదు. ప్రతిసారీ అనుమానంగా చూసే కళ్ల ముందు మాట రాకుండా పడి ఉండటం కూడా ఒక బాధే, దానిని లెక్కలోకి తీసుకోండి. అయినా మీ తమ్ముడిగారి గుండీ సంగతి చదివాక నా పట్టుదల సడలింది.

నిన్న అమ్మతో ఫోనులో మాట్లాడుతుంటే ఒక కొత్త విషయం తెలిసింది. మా అమ్మమ్మకు కూడా వయసులో ఉన్నప్పుడు రెండుసార్లు కాలూ చేయీ పడిపోయి మర్నాటికల్లా తిరిగి వచ్చాయట. గాలి సోకిందని తాయెత్తు కట్టించారట. ఈ జబ్బు కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యంగా వస్తుందనీ, అలా అయితే బిడ్డలలో ఒక్కొక్కరికి సగం అవకాశం ఉంటుందనీ మా డాక్టరు చెప్పారు. నాకు ఆరేళ్ల పాప ఉంది. రేపు దానికి వస్తే నేను ఏం చేస్తానని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. క్షణం ఆగను.

వచ్చే బుధవారం న్యూరాలజిస్టు దగ్గరకు అత్తగారిని కూడా తీసుకువెళుతున్నాను. ఆ కాగితంలోని షరతులలో ఒక్కటి తగిలినా నిర్ణయం ఆవిడదే, నేను వద్దని చేయి ఊపినా వినవద్దని చెప్పాను. ఏదీ తగలకపోతే, ఆవిడ గడియారం చూస్తూ పక్కన కూర్చుంటే, నేను చీకటి గదిలోనే ఉంటాను. ఆవిడకు కన్నడం రాదు. అందుకని ఫ్రిజ్ తలుపు మీద 108 నంబరు కింద, తెలుగు లిపిలోనే, అరెతలెనోవు అంటే ఏమిటో, పార్శ్వవాయు అంటే ఏమిటో పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. పొద్దుటి నుంచి పాలు తీసినప్పుడల్లా ఆవిడ రెండూ పైకి చదువుతున్నారు.