బిచ్చగాళ్ల వరుసలో క్రీస్తు: ఇలాంటి పాత చిత్రాలు తెలిసినవారు చెప్పగలరా?

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో 1504 నాటి ఏడు పలకల చిత్రం ఉంది. నెదర్లాండ్స్‌లోని అల్క్‌మార్ పట్టణ చర్చి కోసం దాన్ని వేసిన చిత్రకారుడి పేరు ఎక్కడా నమోదు కాలేదు. అతన్ని 'మాస్టర్ ఆఫ్ అల్క్‌మార్' అంటారు. విషయం ఏడు దయాకార్యాలు: ఆకలిగొన్నవారికి అన్నం, దాహానికి నీళ్లు, బట్టలు లేనివారికి బట్టలు, ఇలా. ఆరు మత్తయి సువార్త 25వ అధ్యాయం నుంచి వచ్చినవి, మృతులను పాతిపెట్టడం తరువాత చేరింది.

నన్ను పట్టుకున్నది మొదటి పలక. సంపన్నుల ఇంటి ముందు రొట్టెలు పంచుతున్నారు, పేదలు చేతులు చాస్తున్నారు. ఆ గుంపు మధ్యలోనే క్రీస్తు నిలబడ్డాడు. ఆయన చూపు రొట్టె మీద లేదు, సూటిగా మన మీదే ఉంది! పంచేవారికి మాత్రం ఆయన ఉన్నట్టే తెలియదు. ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1607లో నేపుల్స్‌లో ఇదే విషయాన్ని ఒకే వీధిలో కుదించాడు కానీ, అక్కడ మరియ బాలయేసుతో పైనుంచి చూస్తుంది. నాకు అల్క్‌మార్ పద్ధతే నచ్చింది.

నా ప్రశ్న: 1504కు ముందే, రాతప్రతుల్లో గానీ చెక్కపై చెక్కి అచ్చువేసిన బొమ్మల్లో గానీ, క్రీస్తును ఇలా దానం పుచ్చుకునేవారిలో ఒకడిగా చూపిన బొమ్మలున్నాయా? తన అంగీని సగం కోసి బిచ్చగాడికిచ్చిన సెయింట్ మార్టిన్ కథ తెలుసు. అందులో బిచ్చగాడు క్రీస్తేనని కలలో గానీ తేలదు, కాబట్టి అది వద్దు. బొమ్మ పేరు, అది ఇప్పుడున్న మ్యూజియం లేదా గ్రంథాలయం చెబితే చాలు, మిగతాది నేను వెతుక్కుంటాను.