గ్రిల్ మూత వల్ల మైలేజీ పెరిగిందని చెప్పడానికి ఫుల్ ట్యాంక్ లెక్క సరిపోతుందా?

నెమ్మదిబండి: గాలి అడ్డు తగ్గుతుందని నా కారు గ్రిల్ (ముందువైపు గాలి లోపలికి వెళ్ళే జాలీ) కింది భాగాన్ని నల్లటి ప్లాస్టిక్ రేకుతో మూసి, ఎనిమిది కేబుల్ టైలతో బిగించాను. మూయక ముందు ఆరు ట్యాంకుల సగటు మైలేజీ లీటరుకు 17.8 కిలోమీటర్లు ఉండగా, మూసిన తర్వాత ఆరు ట్యాంకులకు 19.1 వచ్చింది. అంటే 7 శాతం పైనే. ప్రతిసారీ ఫుల్ ట్యాంక్ చేయించి పుస్తకంలో రాసుకున్న లెక్క ఇది. అందరూ ఈ పని చేసుకోవచ్చునని నా అభిప్రాయం.

తూకంరాయి: మొదటి ఆరు ట్యాంకులు ఏ నెలల్లో నింపారో, తర్వాతి ఆరు ఏ నెలల్లో నింపారో చెప్పగలరా? పైగా పంపు నాజిల్ ప్రతిసారీ ఒకే మట్టం దగ్గర ఆగదు. 40 లీటర్లు పట్టినప్పుడు ఒక లీటరు అటూ ఇటూ అయితే అదే 2.5 శాతం తేడా.

నెమ్మదిబండి: నాజిల్ వాదన నిలవదండీ. ఒక ట్యాంకులో పడిన తేడా తర్వాతి ట్యాంకులో సర్దుకుంటుంది. ఆరు ట్యాంకులు కలిపితే దాదాపు 240 లీటర్లు కాబట్టి, మొదటి నింపుడుకూ చివరి నింపుడుకూ మధ్య ఒక లీటరు తేడా వచ్చినా అది అర శాతం కూడా కాదు.

చల్లటైరు: టైర్లలో గాలి రెండుసార్లూ బండి కదలక ముందే చూశారా?

తూకంరాయి: నాజిల్ విషయంలో మీరు చెప్పిందే సరి, ఒప్పుకుంటున్నాను. నెలల గురించి మాత్రం మీరు జవాబివ్వలేదు. గాలి 10 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు వేడెక్కితే దాని సాంద్రత 6 శాతానికి పైగా తగ్గుతుంది, హైవే వేగంలో బండికి అడ్డుపడే బలంలో పెద్ద వాటా ఆ గాలిదే. వెచ్చటి టైర్లు తేలిగ్గా దొర్లుతాయి, ఇంజన్ కూడా త్వరగా వేడెక్కుతుంది. మీ 7 శాతంలో రేకు వాటా ఎంతో, ఎండ వాటా ఎంతో పుస్తకం చూసి చెప్పలేం. దీనికి ఏబీఏ పరీక్ష చేయాలి, అంటే రేకు లేకుండా, రేకుతో, మళ్ళీ రేకు లేకుండా. గాలి నిలకడగా ఉన్న రోజున, ఇంజనూ టైర్లూ బాగా వేడెక్కాక, ఒకే రోడ్డు మీద రెండు దిక్కులా ఒకే వేగంతో నడిపి, రేకు బిగించి మళ్ళీ నడిపి, తీసేసి మూడోసారి నడపాలి. మూడో అంకె మొదటి అంకె దగ్గరికి తిరిగి రాకపోతే, మధ్యలో కనిపించిన లాభం రేకుదని అనడానికి వీల్లేదు. లారీలకు వాడే ఎస్ఏఈ (వాహన ఇంజనీర్ల సంఘం) జే1321 పద్ధతిలోనైతే మార్పు చేయని మరో బండిని కూడా నడిపి, ఇంధనాన్ని తూకం వేసి పోలుస్తారు.

రోలర్: డైనమోమీటర్ (బండిని రోలర్ల మీద నడిపి కొలిచే యంత్రం) మీదికి ఎక్కిస్తే ఒక్క గంటలో తేలిపోతుంది కదా.

తూకంరాయి: తేలదు. రోలర్ల మీద బండి ఉన్నచోటే ఉంటుంది, గాలి అడ్డును అంకె రూపంలో మనమే యంత్రానికి ఇస్తాం. గాలి కోసం చేసిన మార్పు అక్కడ కనబడదు.

నెమ్మదిబండి: మొదటి ఆరు చలికాలంలోవి, తర్వాతివి ఎండలు మొదలయ్యాక నింపినవి. అయితే మాత్రం? పదేళ్ళుగా ప్రతి లీటరూ రాస్తున్నాను. ఇంజన్ అంకెలు చూపే స్కానరూ, ఖాళీ రోడ్డూ, రోజంతా తీరికా ఉన్నవాళ్ళే మాట్లాడాలంటే మాబోటివాళ్ళు నోరు మూసుకోవాలా? గతంలో మరొక బృందంలోనూ, పరికరం లేదన్న ఒక్క కారణంతో నా రెండేళ్ళ లెక్కను పక్కన పడేశారు. మీ బాధ నా అంకె గురించి కాదు. దాన్ని నేను నలుగురిలో చెప్పడమే మీకు నచ్చలేదు.

తూకంరాయి: నిజమే, "అందరూ చేసుకోవచ్చు" అన్న ఆ ఒక్క వాక్యం దగ్గరే నా అభ్యంతరమంతా. ఇలాంటి అంకెనే నమ్మి నేను రేడియేటర్‌కు ఎదురుగా ఉన్న జాలీ మొత్తం మూశాను. ఇంటిల్లిపాదితో, సామానుతో కొండ ఎక్కుతుండగా ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్ర గీతను తాకింది, నేను చూసుకునేసరికే బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది. ఇంజన్ పైభాగాన్ని బిగుతుగా మూసే హెడ్ గాస్కెట్ పోయింది. ఆ అంకె రాసినాయన, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ వేడిని ఒక్కసారి కూడా గమనించలేదని తర్వాత తెలిసింది.

కొండదారి: నెమ్మదిబండి గారూ, మూతతో ఎత్తు ఎక్కినప్పుడు మీ ముల్లు ఎక్కడుంది?

నెమ్మదిబండి: నా దారిలో కొండలు లేవు. చదును రోడ్డు మీద ముల్లు సగం దాటలేదు. ఈ మాట మొదటే రాయవలసింది, రాయలేదు. "అందరూ" అన్న వాక్యం తీసేస్తున్నాను. 19.1ని మాత్రం తీయను, అది నేను కొలిచిందే. ఆదివారం టైలు కోసి మీరన్న పరీక్ష చేస్తాను.

తూకంరాయి: 19.1 ఉండనివ్వండి. దాని పక్కన నెలలు రాయండి, రుజువు కాలేదని కూడా రాయండి.

నెమ్మదిబండి: నెలలు రాస్తాను. రెండోది ఆదివారం దాకా రాయను.