ఆలిమ్ పట్టాతో బెంగళూరులో బి.ఏ. ప్రవేశానికి ఏ పత్రం కావాలి?

శివాజీనగర్‌లో మేము నెలకోసారి జరుపుకునే సర్వమత చర్చలకు వచ్చే కడప యువకుడొకరు పదో తరగతి తరువాత మదర్సాలో ఆలిమ్ (ఇస్లాం మత విద్య) కోర్సు పూర్తిచేసి, చరిత్రలో బి.ఏ. చదవాలనుకుంటున్నారు. జూన్‌లో ఇక్కడ బి.ఏ. ప్రవేశానికి రెండుసార్లు దరఖాస్తు చేశాం. ఉర్దూ మార్కుల జాబితాకు నోటరీ చేయించిన ఇంగ్లిషు అనువాదం జతపరిచినా, పన్నెండో తరగతికి సమానమన్న రుజువు లేదంటూ ఒక్క వాక్యంతో తిప్పి పంపారు. ఉత్తరప్రదేశ్ మదర్సా బోర్డు కామిల్ (బి.ఏ. స్థాయి), ఫాజిల్ (ఎం.ఏ. స్థాయి) డిగ్రీలు ఇవ్వడం చెల్లదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును, దరఖాస్తు ఇచ్చిన చోటి గుమాస్తా చూపించారు. మేమడిగింది డిగ్రీకి గుర్తింపు కాదు, ప్రవేశం మాత్రమే. హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కొన్ని మదర్సాల పట్టాలను అంగీకరిస్తుంది గానీ, ఆయన ఉద్యోగం ఇక్కడే. ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక పాఠశాల విద్యా సంస్థ) ద్వారా పన్నెండో తరగతి రాయాలంటే ఈ ఏడాది పోతుంది.

బెంగళూరులో ఆలిమ్ పట్టాతోనే డిగ్రీలో చేరినవారు ఏ కార్యాలయం నుంచి ఏ సమానత్వ పత్రం తెచ్చి చూపారు?