అవకలనంలో ‘అవ’ ఎక్కడిదండీ?

మా అమ్మాయి ఈ ఏడు ఇంటర్‌లో చేరింది. ఎంపీసీ, ఇంగ్లీషు మీడియం. ముప్ఫయ్యేళ్ల కిందట అమలాపురంలో అదే గ్రూపు నేను తెలుగు మీడియంలో వెలగబెట్టాను. మొన్న రాత్రి పుస్తకం ముందేసుకుని, “డెరివేటివ్‌ని మీరేమనేవారు నాన్నా?” అంది. “అవకలజం. దాన్ని కనుక్కోవడం అవకలనం” అన్నాను. “అవకతవకలా?” అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను గానీ, ఆ ‘అవ’ ఏమిటో నాకూ తెలీదు. అవమానం, అవలక్షణం, అవగుణం... నాకు తట్టినవన్నీ చెడ్డ మాటలే. రెండేళ్లు రాసి మార్కులు తెచ్చుకున్న మాటకు అర్థం తెలీకపోవడం కాస్త సిగ్గుగానే ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పాలకొల్లు నుంచి:
మా మాస్టారు బోర్డు మీద వంపుగీత గీసి, ఒక్కచోట తగిలేలా స్కేలు ఆనించి, “పరీక్షలో అవకలజం అని రాయండి, బుర్రలో మాత్రం వాలు అని పెట్టుకోండి” అనేవారు. ‘అవ’ సంగతి అడిగే ధైర్యం మాకు లేదండి.

రాజమండ్రి నుంచి:
‘అవ’కు చెడు ఒక్కటే అర్థం కాదండి. కిందికి, విడిగా అనీ ఉంది. అవతారం అంటే దిగి రావడం. అవరోహణం దిగడం. అవగాహన కూడా అసలు నీళ్లలో మునగడమే, గోదారి ఒడ్డువాళ్లకు వేరే చెప్పాలా! ఇక ‘కల’ ధాతువుకు లెక్కపెట్టడం అనే అర్థం ఉంది. చిన్న బళ్లో కూడికను సంకలనం, తీసివేతను వ్యవకలనం అన్నాం, గుర్తుందా? వ్యవకలనం అంటే వి, అవ, కలనం. ముందున్న ‘వి’ తీసేస్తే మిగిలేది అవకలనమే. ఇది తీసివేత ఇంటి మాట.

పేరే కాదు, పనీ అదే. ఎక్స్ వర్గం తీసుకోండి. 3 దగ్గర దాని విలువ 9, 3.1 దగ్గర 9.61. తీసేస్తే 0.61. దాన్ని 0.1తో భాగిస్తే 6.1. ఇంకాస్త దగ్గరికి, 3.01కి వస్తే 6.01. 3.001కి వస్తే 6.001. ఎంత దగ్గరికి జరిగితే అంతగా 6ను తాకబోతుంది. ఆ 6 అవధి, అంటే లిమిట్. అక్కడి అవకలజం అదే. చేసిందల్లా తీసివేసి భాగించడం.

ఈ లెక్కను కనిపెట్టినవాళ్లలో ఒకరైన లైబ్నిజ్ 1675లో తన కాగితాల్లో వాడిన గుర్తులూ ఇదే చెబుతాయి. ‘డి’ తేడాకు గుర్తు. సాగదీసిన ‘ఎస్’ మొత్తానికి గుర్తు, లాటిన్‌లో ‘సుమ్మా’. ఈ రెండోదానికి ఇంగ్లీషులో ఉన్న ఇంటిగ్రల్ అన్న పేరులో ఆ కూడిక కనబడదు, మన సమాకలనంలో పైకే కనబడుతుంది. నన్నడిగితే ఈ విషయంలో మన పేరే నయం. హిందీ పుస్తకాల్లోనూ ఇవే మాటలు కాబట్టి గొప్పంతా మనదే అనను.

భీమవరం నుంచి:
అంతా సంస్కృతమే కదండీ. తీసివేత, కూడిక అని చక్కటి మాటలుండగా ఈ కలనాలెందుకు?

రాజోలు నుంచి:
గోదారి లంకలో పుట్టినవాణ్ణి, మాకు ఈ లెక్క వరదే నేర్పింది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అది మట్టం. మా ఇళ్లలో అడిగేది మట్టం ఒక్కటే కాదు. “ఎక్కుతోందా, తగ్గుతోందా, గంటకెంత?” ఆ ‘గంటకెంత’ అన్నదే అవకలజం. నీటి అంచున గట్టు మీద పుల్ల గుచ్చి వచ్చేవారు మా నాన్న. గంటకోసారి లాంతరు పట్టుకెళ్లి చూడ్డం. మొదటి గంటలో జానెడు ఎక్కింది, తర్వాతి గంటలో బెత్తెడు. నీళ్లు ఇంకా ఎక్కుతూనే ఉన్నాయి, అయినా “ఇక సామాను అటకెక్కించక్కర్లేదు” అనేవారు. ఎక్కడంలో వడి తగ్గింది కదా. కాలేజీలో రెండో అవకలజం, అంటే ఆ వడిలో వచ్చే మార్పు, రుణాత్మకం అని చెప్పినప్పుడు నాకు ఆ బెత్తెడే గుర్తొచ్చింది. పుల్ల దగ్గర నీరు కదలకపోతే నిలకడ, అంటే అవకలజం సున్నా. అక్కణ్ణుంచి తగ్గుముఖం.

భీమవరం వారి కూడిక కూడా ఇక్కడే ఉంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. 10 లక్షల క్యూసెక్కులు రోజంతా నిలకడగా సముద్రంలోకి పోతే 86.4 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు), అది ఒక్క గుణకారంతో తేలిపోతుంది. కానీ గోదారి అలా పోదు. గంటగంటకూ ఎంత పోయిందో విడిగా కట్టి కూడాలి. ఆ గంటల్ని నిమిషాలు, సెకన్లు చేసుకుంటూ పోతే సమాకలనం.

మళ్లీ నేనే, అమలాపురం:
అందరికీ దండాలు. జానెడు, బెత్తెడు సంగతి అమ్మాయికి చెప్పాను. నవ్వలేదు, నోట్సు అంచున పుల్ల బొమ్మ వేసుకుంది. తర్వాత, “మరి ఫంక్షన్‌ని?” అంది. “ప్రమేయం” అన్నాను. “ఇందులో నా ప్రమేయం ఏమీ లేదు అంటారే, ఆ ప్రమేయమా?” అని కాసేపు ఆలోచించి, “అయితే ఎక్స్ ప్రమేయం లేకుండా వై కదలదన్నమాట” అంది. ఇది నిజంగా ఆ ప్రమేయమేనా, వేరేదా? రాజమండ్రి వారు చూడాలి.