కొరియా పల్లె విచారణ (పారిష్) చరిత్ర: ఏ సంవత్సరం నుంచి మొదలుపెట్టాలి?

మల్లేశ్వరం వాసి (ప్రశ్న)

2027 ఆగస్టు 3 నుంచి 8 వరకు సియోల్‌లో కతోలికుల ప్రపంచ యువజన దినోత్సవాలు ఉన్నాయి కదా. బెంగళూరు నుంచి వెళ్ళే మా తెలుగు యువతకు ముందుగా చదివించడానికి ఒక కొరియా పల్లె విచారణ గురించి నాలుగు పేజీలు రాస్తున్నాం. గాంగ్వొన్ రాష్ట్రం హ్వెంగ్‌సొంగ్ జిల్లాలోని పుంగ్‌సువన్‌ను ఎంచుకున్నాం. చిక్కల్లా తేదీలతోనే. ఒకచోట 1801లో కతోలికులపై జరిగిన హింస తర్వాత మొదలైందని ఉంది, ఇంకోచోట 1888 అని, మరోచోట 1907 అని, 1909 అని కూడా ఉంది. వీటిలో ఏది పట్టుకోవాలి? 1888కి ముందు గురువే (ఫాదర్) లేకపోతే ఆ ఊళ్ళో విశ్వాసం అన్నాళ్ళు ఎలా నిలిచింది? పాత రికార్డులు చూడాలంటే ఎక్కడ వెతకాలి?

హోసూర్ రోడ్ (జవాబు)

నాలుగూ సరైనవేనండీ. 1801 తర్వాత విశ్వాసులు ఆ కొండల్లో స్థిరపడ్డారు, 1888లో విచారణ ఏర్పడింది, 1907లో గుడి కట్టారు, 1909లో ప్రతిష్ఠించారు. చాలామంది గుడి ఫొటో పెట్టి 1907 నుంచి మొదలుపెడతారు. అలా చేస్తే అసలు చరిత్రలో దాదాపు సగం పోయినట్టే.

కొరియాలో సంఘాన్ని మొదలుపెట్టింది గృహస్థులే, అంటే గురువులు కాని మామూలు విశ్వాసులే. యి సుంగ్‌హున్ 1784లో బీజింగ్‌లో జ్ఞానస్నానం పొంది తిరిగొచ్చాడు. మొదటి గురువు, చైనాకు చెందిన జౌ వెన్‌మొ, 1794 చివర్లో గానీ రాలేదు. 1801లో ఆయన్ని చంపేశాక ముప్పై ఏళ్ళకు పైగా దేశంలో ఒక్క గురువూ లేరు. ప్రాణాలు దక్కించుకున్న కుటుంబాలు కొండలెక్కి ఊళ్ళు కట్టుకున్నాయి. పుంగ్‌సువన్ అలా పుట్టిన ఊరే.

ఆ ఊళ్ళకు బతుకుతెరువు రెండు: పోడు నరికి పొగాకు వేయడం, ఒంగ్గి అనే పెద్ద మట్టిజాడీలు చేయడం. జాడీలకు కావలసిన మట్టి, కట్టెలు కొండల్లోనే దొరుకుతాయి. జాడీలు మోసుకుని ఊరూరా తిరిగేవాణ్ణి ఎవరూ అనుమానించరు కాబట్టి దూరపు విశ్వాసుల మధ్య కబుర్లు కూడా ఆ దారినే నడిచేవి. ప్రమాదం వస్తే బట్టీ వదిలేసి ఇంకో లోయకు వెళ్ళిపోవచ్చు. కొరియా మొదటి కార్డినల్ కిమ్ సూహ్వాన్ కుటుంబం కూడా ఇలా జాడీలు అమ్ముకుని బతికినదే.

గురువు లేని ఊరిని గొంగ్‌సొ అంటారు, మన విచారణల కింద ఉండే సబ్‌స్టేషన్ లాంటిదే. దాన్ని నడిపేది హ్వెజాంగ్, అంటే మన ఉపదేశి. ఆదివారం ప్రార్థన, పిల్లలకు జపాలు నేర్పడం, చావుబతుకుల్లో ఉన్నవారికి జ్ఞానస్నానం, భూస్థాపన అన్నీ ఆయన చేతిమీదే జరిగేవి. గురువులు దొరికాక కూడా వారు ఊరికొచ్చేది ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కు ముందూ ఈస్టర్‌కు ముందూ. ఆ రాకను పాన్‌గొంగ్ అంటారు. హ్వెజాంగ్ ముందే ఇంటింటి జాబితా సిద్ధం చేసేవాడు. గురువు ఒక్కొక్కరినీ జ్ఞానోపదేశం మీద ప్రశ్నలడిగి, ఆ తర్వాతే పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) వినేవారు. అది ముగిశాక జ్ఞానస్నానాలు, వివాహాలు, దివ్యబలిపూజ జరిపి మళ్ళీ ఇంకో లోయకు ప్రయాణం. రెండో కొరియా గురువు చే యాంగ్‌ఒప్ 1849లో అభిషిక్తుడై ఇలా తిరుగుతూ తిరుగుతూనే 1861లో కన్నుమూశారు. మీ నాలుగు పేజీల్లో ఒక పూర్తి పేజీ పాన్‌గొంగ్‌కే ఇవ్వండి. మీ రెండో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

1886లో ఫ్రాన్స్‌తో ఒప్పందం కుదిరాక విదేశీ గురువులకు తిరగడానికి వీలు చిక్కింది. 1888లో పుంగ్‌సువన్‌కు ల మేర్ అనే ఫ్రెంచి గురువు మొదటి విచారణ గురువుగా వచ్చారు.

పాత రిజిస్టర్లు (జవాబు)

రికార్డుల సంగతి చెప్తాను. జనం తప్పటడుగు వేసేది ఇక్కడే.

ముందు మేత్రాసనం (బిషప్ పాలనలోని ప్రాంతం) చూసుకోండి. 1911లో దేగు విడిపోయేదాకా కొరియా అంతా ఒకే అపోస్తలిక పాలన, అంటే మేత్రాసనం కాకముందు దశ. 1939లో చున్‌చొన్, 1965లో దాని నుంచి వొన్‌జు వేరుపడ్డాయి. పుంగ్‌సువన్ ఇప్పుడు వొన్‌జు కింద ఉంది. అందుకని ఒకే ఊరి కాగితాల కోసం సియోల్, చున్‌చొన్, వొన్‌జు మూడింటినీ అడగాల్సి రావచ్చు.

తర్వాత ఊరి పేరు. 1914లో జపాన్ పాలకులు జిల్లాల, మండలాల హద్దులు తిరగరాశారు. అంతకుముందు రాసిన చిరునామాను ఇప్పటి మ్యాపులో యథాతథంగా వెతికితే దొరకదు.

తేదీలు కూడా జాగ్రత్త. ప్రభుత్వం సౌర పంచాంగానికి మారింది 1896 జనవరి 1న. దానికి ముందు కొరియా కాగితాల్లో ఉన్నవి చాంద్రమాన తేదీలు. కొరియా మొదటి గురువు పునీత కిమ్ దేగొన్ అంద్రెయ హతసాక్షి అయినది చాంద్రమానంలో ఏడో నెల 26, మనం రాసుకునేది 1846 సెప్టెంబరు 16. రెండూ కలిస్తే ఒక్క సంఘటన రెండుగా కనిపిస్తుంది.

మనుషుల పేర్లదీ అదే గొడవ. ఫ్రెంచి గురువులందరికీ కొరియా పేర్లుండేవి. బిషప్ ముతెల్ అన్నా మిన్ డొక్‌హ్యో అన్నా ఒక్కరే. జ్ఞానస్నాన నామాలు చైనా లిపి మీదుగా వచ్చాయి కాబట్టి ఫ్రాన్సిస్ అక్కడ ‘బాంగ్జిగొ’ అవుతాడు, జాన్ ‘యొవాంగ్’ అవుతాడు. ఇప్పటి రూపాలతో వెతికితే సగం మంది చేజారిపోతారు.

బెంగళూరువాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. కొరియాలో పనిచేసిన పారిస్ ఫారిన్ మిషన్స్ సంఘమే మన మైసూరు మిషన్‌నూ నడిపింది. ఆ సంఘం వార్షిక నివేదికల్లో కొరియా, మైసూరు, పుదుచ్చేరి ఒకే సంపుటంలో కనిపిస్తాయి. పారిస్‌లోని వాళ్ళ పరిశోధన సంస్థ వీటిని ఆన్‌లైన్‌లో పెట్టింది. ఫ్రెంచి చదివే గురువు ఒకరు తోడుంటే ఆ ఏడాది జ్ఞానస్నానాల లెక్క దగ్గర మొదలుపెట్టండి.

మల్లేశ్వరం వాసి

చాలా ఉపయోగపడిందండీ. అయితే 1888తో గొంగ్‌సొ కాలం ముగిసిందని రాసెయ్యవచ్చా?

ఇటుక బట్టీ (జవాబు)

వద్దండీ. విచారణ గురువు వచ్చాక కూడా చుట్టుపక్కల కొండల్లోని ఊళ్ళన్నీ గొంగ్‌సొలుగానే ఉన్నాయి. ఆయన ఏడాదిలో ఎక్కువ రోజులు దారిలోనే గడిపేవారు. గొంగ్‌సొ పెరిగి విచారణ కావడం, జనం పట్నాలకు పోయి మూతపడటం ఇప్పటికీ జరుగుతున్నవే.

గుడి గురించి ఒక పేరా తప్పక రాయండి. 1896లో వచ్చిన జంగ్ గ్యుహా గురువు 1943లో చనిపోయేవరకు అక్కడే ఉన్నారు. కొరియా గురువు కట్టించిన మొదటి గుడి ఇదే. అడవిలో చెట్లు కొట్టింది, ఇటుకలు కాల్చింది విశ్వాసులే. లోపల బెంచీలుండవు. చెప్పులు విడిచి చెక్కనేల మీద కూర్చోవాలి, యువతకు ముందే చెప్పండి. 1920 నుంచి క్రీస్తు దివ్య శరీర రక్తముల పండుగకు సత్ప్రసాద ప్రదక్షిణ చేస్తున్నారు, కానీ ఆ పండుగ జూన్ ప్రాంతంలో వస్తుంది, మీ ఆగస్టు ప్రయాణానికి అందదు.

పోల్చి చూపాలంటే ఇక్సాన్‌లోని నాబావి గుడి పక్కన పెట్టండి. 1907 నాటి ఆ గుడి మొదట మట్టిగోడల కొరియా ఇల్లే. 1916లో గోడలు ఇటుకవి చేసి గంటగోపురం కట్టారు. లోపల నడిమధ్య వరుసగా స్తంభాలుంటాయి, అప్పట్లో వాటికి ఒకపక్క మగవాళ్ళు, ఇంకోపక్క ఆడవాళ్ళు కూర్చునేవారు. ఒక రోజు అదనంగా దొరికితే మాత్రం నాబావి కన్నా జెచొన్ దగ్గరి బెరొన్‌కు వెళ్ళమంటాను. అదీ వొన్‌జు మేత్రాసనంలోనిదే, జాడీల ఊరు. 1801 హింసలో హ్వాంగ్ సయొంగ్ అనే విశ్వాసి అక్కడ దాక్కుని సుమారు 62 సెంటీమీటర్ల పొడవు, 38 వెడల్పున్న పట్టుగుడ్డ మీద పదమూడు వేలకు పైగా అక్షరాలతో బీజింగ్ బిషప్‌కు లేఖ రాశాడు. పంపేలోగానే పట్టుబడ్డాడు. చే యాంగ్‌ఒప్ సమాధి కూడా అక్కడే ఉంది.